పాత కంప్యూటర్‌లో రెండు బావుల కోసం

నల్లగొండలో నేను టైపిస్టుగా పనిచేసే కాలేజీకి కొత్త కంప్యూటర్లు వచ్చినప్పుడు, పాతవాటిని వరండాలో పెట్టి పాత సామాను కొనేవాడికి కబురు చేశారు. అతను రావడానికి వారం పట్టింది. ఆ వారంలో నేను ప్రిన్సిపాల్‌ను అడిగి ఒకటి తెచ్చుకున్నాను. ఏది కావాలంటే అది తీసుకొమ్మన్నారు. అన్నిటినీ ఆన్ చేసి చూసి, తక్కువ మొత్తుకునేదాన్ని ఎంచుకున్నాను. తెలంగాణ వచ్చి అప్పటికి రెండేళ్లు దాటింది.

మా ఊరు కట్టంగూర్ నుంచి లోపలికి ఆటోలో వెళ్లాలి. మానిటర్ వెనక పెద్ద డబ్బా ఉండే రకం. దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే ముందు ఏముందో నాకు కనబడలేదు. ఆటోలో ఉన్న ఇద్దరు ఆడవాళ్లు టీవీ కొన్నానా అని అడిగారు. కంప్యూటర్ అని చెప్పాను. సీరియళ్లు వస్తాయా అని అడిగారు. రావన్నాను. వాళ్లు మళ్లీ మిర్చి చేను సంగతిలోకి వెళ్లిపోయారు.

ఇంట్లో మేం ముగ్గురం. బాపు, అమ్మ, నేను. బాపు నలభై ఏళ్లు గొర్రెలు కాశాడు. మోకాళ్లు పోయాక మంద అమ్మేసి, ఊరికే కూర్చోలేక నాలుగు మేకలు ఉంచుకున్నాడు. అమ్మ మిర్చి ఏరడానికీ పత్తి తీయడానికీ కూలికి పోయేది. కంప్యూటర్‌ను ముందు గదిలో పెట్టి దాని మీద పాత చీర ముక్క కప్పాను. అమ్మ దాన్ని ఒకసారి చూసి, దాని వెనక ఎలుక దూరకుండా చూసుకోమంది.

ఇంటర్నెట్ కోసం సిమ్ వేసే చిన్న డాంగల్ కొన్నాను. మా ఇంట్లో సిగ్నల్ ఒక్కచోటే దొరికేది. అది స్నానాల గది గోడ పైన. అక్కడ కర్రకు డాంగల్ కట్టి, వైరు కిటికీలోంచి లోపలికి తెచ్చాను. వెనకాల లోహపు గిన్నె ఏదైనా పెడితే సిగ్నల్ పెరుగుతుందని ఎవరో చెప్పారు. గిన్నె గాలికి పడిపోతుండడంతో అమ్మ పిండి జల్లెడ కట్టాను. సిగ్నల్ నిజంగానే ఒక గీత పెరిగింది. అమ్మ మూడు రోజులు జల్లెడ వెతికి, నాలుగో రోజు స్నానానికి పోయినప్పుడు తల పైకెత్తి చూసింది. కట్టంగూర్ సంతలో ఇంకో జల్లెడ కొనుక్కుంది.

ఆ కంప్యూటర్ లోపల చిన్న బ్యాటరీ ఒకటి అయిపోయింది. అందుకని దాన్ని ఆపి మళ్లీ పెట్టినప్పుడల్లా తేదీ వెనక్కి పోయి రెండువేల రెండు జనవరి ఒకటి చూపించేది. అది చిన్న సంగతే అనుకున్నాను. కాని ఏ సైటు తెరిచినా ఈ సైటు ధ్రువపత్రం ఇంకా మొదలు కాలేదు, ఇది నమ్మదగ్గది కాదు అని వచ్చేది. తేదీ సరిచేస్తే తప్ప లోపలికి రానిచ్చేది కాదు.

బాపు గోడకు ఆనుకుని గొంగడి మీద కూర్చుని ఇదంతా చూసేవాడు. ఒకరోజు అది ఏమంటోందని అడిగాడు. ఇంకా రాష్ట్రం రాలేదనుకుంటోందని చెప్పాను. బాపు తల ఊపాడు. ఆ తర్వాత నేను కంప్యూటర్ పెట్టిన ప్రతిసారీ, తెలంగాణ వచ్చిందని దానికి చెప్పానా లేదా అని కనుక్కునేవాడు.

తేదీ సరిచేశాక అసలు పని మొదలయ్యేది. సగం సైట్లు మీ బ్రౌజర్ పాతది, కొత్తది దించుకోండి అనేవి. కొత్తది దించుకోబోతే మీ కంప్యూటర్ పాతది అనేవి. ఆ పైన ఎవరు పాతబడ్డారో అవి చెప్పలేదు. కొన్ని సైట్లు ముందు మా షరతులు ఒప్పుకోండి అని పేజీకి అడ్డంగా బోర్డు పెట్టేవి. నేను ఒప్పుకోవడానికి సిద్ధంగానే ఉండేదాన్ని. ఒప్పుకునే బటన్ రాకపోయేది.

కొన్నాళ్లకు కిటుకులు తెలిశాయి. బొమ్మలు రాకుండా ఆపితే అక్షరాలు త్వరగా వస్తాయి. పేజీ వెనక నడిచే స్క్రిప్టులు ఆపేస్తే ఇంకా త్వరగా వస్తాయి. కొన్ని పెద్ద సైట్లు చిన్న ఫోన్ల కోసం ఒక తేలిక రూపం ఉంచుతాయి, ఆ దారిన వెళ్తే పాత కంప్యూటర్‌ను కూడా ఎవరూ ఆపరు. పేపర్ల సైట్లు నాకు ఒక్క ఫోటో లేకుండా, ఒక్క ప్రకటన లేకుండా, తెల్లటి కాగితం మీద నల్లటి అక్షరాలుగా కనబడేవి. అందరికీ అట్లాగే కనబడతాయనుకునేదాన్ని. తర్వాత ఎప్పుడో కాలేజీలో అదే సైటు చూసి, వేరే ఏదో తెరిచాననుకుని మూసేశాను.

నేను కంప్యూటర్ తెచ్చుకున్నది ఒక ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకోవడానికి. ఆ ఫారం చివర నేను రోబోను కాదు అని ఒక గడి ఉంది. దాన్ని నొక్కితే తొమ్మిది బొమ్మలు రావాలి. వాటిలో అడిగినవి ఏరాలి. బొమ్మలు ఒక్కొక్కటిగా వచ్చేసరికి గడువు అయిపోయి, వేరే తొమ్మిది బొమ్మలు మొదలయ్యేవి. ఒకసారి మొత్తం వచ్చాయి. రోడ్డు పక్కన పొట్టిగా, ఎర్రగా ఉన్న కుళాయిలు ఏరమంది. అట్లాంటివి నేను నల్లగొండలో గాని, హైదరాబాద్‌లో గాని చూడలేదు. ఏరాను. ఇంకోసారి ప్రయత్నించమంది.

"ఏం అడుగుతాంది?" అన్నాడు బాపు.

"నువ్వు మనిషివా, మిషన్‌వా అని అడుగుతాంది."

"చెప్పకపోయినవా?"

"చెప్పిన. నమ్మలే."

బాపు తెర వైపు వేలు చూపించాడు. "అది మిషనే గద," అన్నాడు. "దానికి మనిషి ఎట్ల తెలుస్తడు?"

ఆ దరఖాస్తు కట్టంగూర్ నెట్ సెంటర్‌లో పెట్టాను. ఉద్యోగం రాలేదు. అందులో కంప్యూటర్ తప్పేం లేదు.

బాపుకు పటం చూపించింది ఒక ఆదివారం పొద్దున. పై నుంచి తీసిన ఫోటోలతో భూమి మొత్తం కనబడే సైటు ఒకటి ఉందనీ, దానికి కూడా ఒక తేలిక రూపం ఉందనీ అప్పుడే తెలిసింది. మా ఊరి పేరు కొట్టాను. ఫోటో ఒక్కసారిగా రాదు. చదరాలు చదరాలుగా, గచ్చు మీద బండలు పరిచినట్టు ఒక్కొక్కటే వచ్చి అతుక్కుంటుంది. తెర నిండడానికి అన్నం ఉడికేంతసేపు పట్టింది. మా ఇల్లు వచ్చింది. ఇంటి వెనక వేప చెట్టు కూడా వచ్చింది. ఆ చెట్టును కొట్టేసి మూడేళ్లయింది.

"ఇది గూడ పాతదే," అన్నాడు బాపు. అది అతనికి నచ్చినట్టుంది. దగ్గరికి జరిగాడు.

అతను అడిగిన మొదటి ప్రశ్న పొద్దు ఎటు పొడుస్తుందని. తెరకు కుడివైపు అన్నాను. అయితే ఇది తప్పుగా పెట్టావన్నాడు. మా బల్ల పడమటి గోడకు ఉంది. తెరలో ఉత్తరం పైన ఉంటే, చూసేవాడు కూడా ఉత్తరం దిక్కే చూడాలి కదా అన్నాడు. బల్లను ఉత్తరం గోడకు మార్చాం. స్విచ్ బోర్డు దక్షిణం గోడకు ఉండడంతో వైరు గది మధ్యలోంచి పోయింది. అమ్మ దాన్ని దాటుకుంటూ తిరిగేది. కాని ఆ తర్వాత బాపుకు పటం చూడడం నేర్పాల్సిన అవసరం రాలేదు. అతనికి చదువు రాదు. పై నుంచి చూస్తే వాగు ఎట్లా ఉంటుందో, గుట్ట నీడ ఎటు పడుతుందో, మెట్ట చెలక ఎక్కడ ఆగి పొలం ఎక్కడ మొదలవుతుందో నాకంటే ముందు చెప్పేవాడు.

రెండు మూడు ఆదివారాలు పోయాక, టీ తాగుతూ అడిగాడు.

"దీంట్ల మా కుక్కను ఇడిసివచ్చిన జాగ కనబడ్తదా?"

ఏ కుక్క అన్నాను. అప్పుడు చెప్పాడు. నేను ఇంకా బడికి పోని రోజుల సంగతి. ఆ ఏడు వానలు లేవు, ఇక్కడ మేత లేదు. బాపు, ఇంకో ముగ్గురు మందలు తోలుకుని దేవరకొండ మీదుగా డిండి దాటి, అచ్చంపేట దిక్కు అడవి అంచుకు పోయారు. వెంట ఒక ఎర్ర కుక్క ఉండేది. దానికి పేరు పెట్టలేదు, ఒక్కటే కుక్క కాబట్టి అవసరం పడలేదు. డిండి దాటాక రోడ్డు మీద లారీ తగిలి దాని వెనక కాలు విరిగింది. బాపు దాన్ని గొంగట్లో చుట్టి ఒక రోజంతా భుజం మీద మోశాడు. మరునాడు రెండు బావులు పక్కపక్కన ఉన్న చేను దగ్గర ఆగారు. ఎరువుకని ఆ రైతు చేనులో రెండు రాత్రులు మంద నిలిపారు. రైతు వెదురు బద్దలు పెట్టి కుక్క కాలు కట్టాడు. ఈ కాలుతో ఇది నడవదు, మా దగ్గర వదిలిపెట్టు, మేం సాకుకుంటాం అన్నాడు. ఆయన భార్య దానికి అంబలి పోసింది. బాపు దాన్ని అక్కడ కట్టేసి వచ్చాడు. వాగు దాటేదాకా అది మొరుగుతూనే ఉందట.

తిరిగి వచ్చేటప్పుడు వానలు పడి వేరే తొవ్వన రావాల్సి వచ్చింది. మరుసటి ఏడు అటు పోలేదు. ఆ తర్వాత పోదాం పోదాం అనుకుంటూనే పాతికేళ్లు దాటాయి. ఊరి పేరేంటంటే తెలియదన్నాడు. గొర్రెల వాళ్లు ఊళ్లోకి పోరు, బయటే ఉంటారు. వాళ్లలో వాళ్లు ఆ చోటును రెండు బావుల కాడ అని చెప్పుకునేవాళ్లు. ఆ పేరు కొడితే పటానికి ఏమీ తెలియలేదు.

నేను నేరుగా డిండికి పోదామన్నాను. బాపు ఒప్పుకోలేదు. నడిచిన తొవ్వనే పోవాలి, లేకుంటే దారి తప్పుతాం అన్నాడు. అట్లా మా ఇంటి నుంచి మొదలుపెట్టాం. ఒక తెర నిండాక దాన్ని ఫోటోగా దాచుకుని, తర్వాతి తెరకు జరిగేదాన్ని. అవి పెట్టుకున్న ఫోల్డర్ పేరు కుక్క. మొదటి ఆదివారం పానగల్ చెరువు పక్కకు చేరేసరికి పొద్దుగూకింది. బాపు ఆ రోజుల్లో మందతో ఎంతసేపట్లో పోయేవాడో అడిగి చూశాను. మా ఇంటర్నెట్ గొర్రెల కన్నా కొంచెం నెమ్మది.

చదరం రాకముందే అక్కడ ఏముందో బాపు చెప్పేవాడు. ఇప్పుడు బోడ గుట్ట వస్తది, దాని పక్కకు చిన్న కుంట వస్తది అనేవాడు. వచ్చేవి. కుంట ఎండిపోయి ఉండేది, కాని ఉండేది. అమ్మ కూడా పని లేని ఆదివారం వచ్చి వెనక నిలబడేది. పెళ్లయిన కొత్తలో బాపు ఆరేడు నెలలకొకసారి ఇంటికి వచ్చేవాడు. ఎక్కడెక్కడ తిరిగేవాడో ఆమె చూడడం అదే మొదటిసారి. ఇంత దూరమా అని ఒకసారి అంది. మళ్లీ పోయి బియ్యం ఏరుకుంది.

నాలుగో ఆదివారం దారి తప్పాం. దేవరకొండ దాటాక ఉండాల్సిన బీడు లేదు. అక్కడ తెల్ల గీతలు గీసి, రాళ్లు పాతి ప్లాట్లు చేశారు. దాని అవతల ఒక కాలువ, కొత్త రోడ్డు. బాపు చాలాసేపు చూశాడు. ఈడ మేత ఉండె అని రెండు మూడు సార్లు అన్నాడు. ఆ రోజు మధ్యలోనే లేచి మేకల దగ్గరికి పోయాడు. వారం తర్వాత, రోడ్లను నమ్మొద్దు, వాగును పట్టుకుని పోదాం, వాగు ఎటూ పోదు అన్నాడు. వాగు వెంట పోయాం.

ఏడో ఆదివారం ఒక చదరంలో రెండు నల్ల చుక్కలు పక్కపక్కన కనబడ్డాయి. బాపు ముందుకు వంగాడు. ఒక బావి గుండ్రంగా, ఇంకొకటి నలుచదరంగా ఉండాలి అన్నాడు. దగ్గరికి తీసుకున్నాను. తెర అంతా మసకయింది. చదరాలు మళ్లీ మొదటి నుంచి రాసాగాయి. మధ్యలో కనెక్షన్ పోయింది. అమ్మ బయట బట్టలు ఆరేస్తూ వైరును కదిపిందని తర్వాత తెలిసింది. మళ్లీ కలిపాను. మొదట గుండ్రటి బావి వచ్చింది. కొంతసేపటికి రెండోది వచ్చింది. దానికి నాలుగు మూలలున్నాయి.

"గిదే," అన్నాడు బాపు. చేతిలో బీడీ ఆరిపోయి ఉంది.

పక్కన ఊరి పేరు రాసి ఉంటే చదివి చెప్పాను. ఆ ఊరా అన్నాడు. దేవరకొండ బస్టాండులో ఆ ఊరి బస్సు పిలుపు ఎన్నో సార్లు విన్నాడట.

మరుసటి వారం పోదామని అనుకున్నాం. అమ్మ సజ్జ రొట్టెలు చేసి మూట కడుతూ, అప్పటి కుక్క ఇప్పటిదాకా ఉంటుందా, ఏం చూడడానికి పోతున్నారు అని అడిగింది.

"కుక్కను చూడనీకి పోతలేను," అన్నాడు బాపు. "ఏమైందో అడగనీకి పోతున్న."

రెండు బస్సులు, ఒక ఆటో మారి పొద్దు నెత్తి మీదికి వచ్చేసరికి చేరుకున్నాం. బాపు ఆటోను ఊళ్లోకి పోనీయకుండా బయటే ఆపించాడు. అక్కడి నుంచి కర్ర పట్టుకుని, అడగకుండానే చేను గట్ల మీదుగా నడిచాడు. మోకాళ్ల నొప్పి సంగతి ఎత్తలేదు. నలుచదరం బావిని పూడ్చేశారు. గుండ్రటి బావి ఉంది గాని అందులో నీళ్లు లేవు, పక్కన బోరు నడుస్తోంది. మేం చూసిన ఫోటో అంతకు ముందు ఎప్పుడో తీసింది.

రేకుల షెడ్డు కింద మంచంలో ఎనభై ఏళ్ల ముసలాయన కూర్చుని వేరుశనక్కాయలు ఒలుస్తున్నాడు. బాపు దగ్గరికి పోయి నిలబడ్డాడు. ఆయన తల ఎత్తి, ఎవరు కావాలని అడిగాడు.

"అన్నా, మాది నల్లగొండ దిక్కు. గొర్లు తోలుకొని వచ్చినం, చాన ఏండ్లాయె. మీ కాడ ఒక కుక్కను ఇడిసిపోయిన."

ముసలాయన చేతిలో కాయను పక్కన పెట్టి బాపు ముఖంలోకి చూశాడు.

"కాలు ఇరిగిన కుక్క," అన్నాడు.

"ఆఁ. గదే."

"మంచిగ చేరిందా?"

బాపుకు అర్థం కాలేదు. "ఏడికి?"

"నీ కాడికే. మీరు పోయిన నాలుగో దినం తాడు కొరుక్కొని పోయింది గద. వాగు దాంక ఉరికిన, దొరకలే. మూడు కాళ్ల మీద గంత జోరుగ పోతదని ఎవలనుకుంటరు? మందను అందుకున్నదనుకున్నం."

బాపు కర్రను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"లేదన్నా," అన్నాడు. "అది నీ కాడ్నే ఉన్నదనుకున్న."

అప్పుడు ఇద్దరూ నన్ను చూశారు. నేను బోరు వైపు చూశాను. ముసలాయన లేచి బాపును మంచంలో కూర్చోబెట్టాడు. ఆయన భార్య పోయి ఆరేళ్లయిందట. కుక్క మాట వచ్చినప్పుడల్లా, మనం పోసిన అంబలి బలంతోనే అది మంద దాకా పోయిందని చెప్పుకునేదట. ఆయన కోడలు మాకు జొన్న రొట్టె, పచ్చిపులుసు పెట్టింది. మేం తెచ్చిన సజ్జ రొట్టెలు వాళ్లకిచ్చాం. తిన్నంతసేపూ ఇద్దరూ వానల గురించి మాట్లాడుకున్నారు. పోయేటప్పుడు ముసలాయన నా ఫోన్ నంబరు అడిగి కోడలి చేత రాయించుకున్నాడు.

బస్సులో బాపు కిటికీ వైపు కూర్చున్నాడు. పాతికేళ్లు ఆ కుక్క ఆ చేను దగ్గర ముసలిదై, నీడన పడుకుని చనిపోయిందనే అతను అనుకున్నాడు. వాళ్లేమో అది మా మందతోనే ఉందనుకున్నారు. పటం వెతక్కపోతే అది ఇంకా రెండు చోట్లా బతికి ఉండేదని నాకనిపించింది. బల్ల ఉత్తరం గోడకు జరిపినందుకు మొదటిసారి బాధపడ్డాను.

దేవరకొండ బస్టాండులో దిగాక బాపు అన్నాడు. "నాలుగో దినం అన్నడు గద?"

"అవును."

"నాలుగో దినానికి మేము అడవి అంచుకు పోయినం. రెండో దినం ఒక జల్లు పడ్డది."

తర్వాతి ఆదివారం కంప్యూటర్ పెట్టమన్నాడు. దానికి తెలంగాణ వచ్చిందని చెప్పి, రెండు బావుల దగ్గర తెరిచాను. అక్కడి నుంచి ముందుకు పోవాలన్నాడు. ఈసారి గొర్రెలతో కాదు, కుక్కతో. జల్లు పడ్డాక వాసన నిలవదు కాబట్టి వాగు దాటిన చోట అది ఆగిపోతుందన్నాడు. నీళ్లు ఎక్కడెక్కడ ఉండేవో గుర్తు చేసుకుని, మూడు కాళ్ల కుక్క ఒక రోజుకు ఎంత పోగలదో అంచనా వేశాడు. ఒక్కో చదరం వచ్చేదాకా ఓపికగా కూర్చున్నాడు. అట్లా రెండు బాటలు కలిసే చోటుకు వచ్చాం. ఒక బాట వాళ్లు పోయినది. ఇంకొకటి కల్వకుర్తి దిక్కు నుంచి మందలు వచ్చే బాట. బాపు తెర మీద వేలు పెట్టాడు.

"ఈడ ఆగుతది," అన్నాడు. "ఆ నెలల కురుమోళ్ల మందలు ఈడికెల్లే పోతయి. వాటిల కలుస్తది."

"వాళ్లతోని పోతదా బాపు?"

"అన్నం పెట్టినోళ్లతోని పోతది. పోవాలె గూడ."

అది నిజమని చెప్పడానికి మా దగ్గర ఏ ఆధారమూ లేదు. పటంలో అక్కడ ఉన్నది గోధుమ రంగు నేల, నాలుగు తుమ్మ చెట్లు. చివరి చదరం ఇంకా రాలేదని చెప్పి కొంచెంసేపు తెర వైపే చూస్తూ కూర్చున్నాను. బాపు వేలు తీసి, ఇక బంద్ చేయమని, మేకలను విప్పడానికి పోయాడు.

మళ్లీ ఎండాకాలానికి కంప్యూటర్ పొగ వచ్చి ఆగిపోయింది. కట్టంగూర్‌లో చూపిస్తే దీనికి సామాను దొరకదన్నారు. తర్వాత మా ఊరి పక్కనే టవర్ వచ్చింది. నేను పెద్ద ఫోన్ కొన్నాను. అందులో పటం తెరిస్తే అచ్చంపేట అరక్షణంలో వస్తుంది. బాపుకు చూపించాను. మధ్యల తొవ్వ కనబడ్తలేదన్నాడు. మళ్లీ అడగలేదు.

ముసలాయన మాత్రం వారానికొకసారి ఫోన్ చేస్తాడు. కోడలు కలిపి ఇస్తుంది. ఇద్దరూ మోకాళ్ల గురించి, వేరుశనగ గురించి, ఎవరి దిక్కు ఎంత ఎండ ఉందో దాని గురించి మాట్లాడుకుంటారు. కుక్క ఆ బాటల దగ్గర ఏ మందలో కలిసిందో బాపు ఒక్కసారి చెప్పాడు. అవతల ఆయన, నేను కూడా గట్లనే అనుకుంటున్న అన్నాడట. ఆ తర్వాత ఆ మాట రాలేదు. మొన్న ముసలాయన ఫోన్ చేసి, మా దిక్కు వాన పడ్డది, మీ దిక్కు పడ్డదా అని అడిగాడు. పడలేదని బాపుకు తెలుసు. అయినా ఫోన్ నా చేతికిచ్చి, బయటికి పోయి, ఆకాశం ఒకసారి చూసి వచ్చి, పడలేదన్నా అని చెప్పాడు.